కత్తెరలో బ్రహ్మగారి చలికాలం

తమిళనాడులోని గుడియాత్తానికి చలికాలం లేదన్న అపవాదు ఈ ఏడాది నడివేసవి కత్తెర ఎండల్లో తొలగిపోయింది. చలికాలం వచ్చింది. అయితే ఊరంతటికీ సరిపడా రాలేదు. నేతపేటలో ఒక్క దేవరాజులు ఇంటికే వచ్చింది. ఆ ఇంట్లోనైనా అన్ని గదులకూ రాలేదు. మగ్గాల కొట్టంలో, మగ్గం కింద, రెండడుగుల గుంటలో మాత్రమే వచ్చింది. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న మే నెల మధ్యాహ్నం ఆ గుంటలో తడిపిన గోనెపట్టాలు, పక్కన ఐసుగడ్డల గంప, గట్టు మీద గిర్రున తిరిగే టేబులు ఫ్యాను, వీటన్నిటి నడుమ అయిదున్నర కిలోల కోడిపుంజు. ఏర్పాట్లన్నీ శాస్త్రప్రకారమే జరిగాయని ముందుగానే మనవి.

ఆ గుంట అంతకుముందు రుక్మిణమ్మది. గుంటమగ్గం నేసేవాళ్ళు నేల అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, కింద పలకలు తొక్కుతూ నేస్తారు. దేవరాజులు భార్యగా ఆ ఇంట కాలుపెట్టిన నాటినుంచి ఇరవై ఎనిమిదేళ్ళుగా రుక్మిణమ్మ కాళ్ళు ఆ గుంటలోనే ఉన్నాయి. రేకుల కప్పు కింద నడుము దాకా ఉడికిపోయినా మోకాళ్ళ కింద మాత్రం మట్టి చల్లగా తగిలేది. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగల చోటు అదొక్కటే. ఈ ఇరవై ఎనిమిది కత్తెరల్లోనూ కొట్టంలో ఫ్యాను పెట్టలేదు, గాలికి పడుగు దారాలు చెదురుతాయని. ఇప్పుడు పెట్టారు. చెదరడానికి నేతే లేదు గనక అభ్యంతరం ఎవరూ చెప్పలేదు.

పుంజు జవ్వాదు కొండల కింది ఆలంగాయం నుంచి వచ్చింది. దేవరాజులు అక్కడికి ఒక పెళ్ళికి వెళ్ళి, పెళ్ళిలో పిల్లనూ పిల్లవాణ్ణీ చూడకుండా పక్కతోటలో కోడిని చూశాడు. మోకాలెత్తు పుంజు, కాలివేళ్ళ దాకా ఈకలు. సల్వారు తొడుక్కున్న పెద్దమనిషిలా నడుస్తోంది. పిల్లలు తోక పట్టుకు లాగితే పొడవదు, కరవదు, 'ఎందుకు నాయనా నీకీ శ్రమ' అన్నట్టు చూస్తుంది. తోట యజమాని పార్థిబన్‌ను పేరడిగితే 'బ్రహ్మ' అన్నాడు. దేవరాజులు రెండు చేతులూ వాటంతటవే చెంపల మీదికి వెళ్ళాయి.

దేవరాజులు అక్కడికక్కడే పుంజును బేరమాడాడు. పార్థిబన్ నిజాయితీపరుడు. "ఇది చలిదేశం కోడప్పా. కొండ కిందనే దీనికి ఆయాసం. మీ గుడియాత్తంలో తట్టుకుంటాదా?" అని అడిగాడు. ఆ మీదట చిత్తూరు కోళ్ళ సంతలో పుంజుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. "పెంచేది ఎట్లని అంతా దీంట్లో రాసుండాది. నాకు ఈ తెలుగు ఎళుత్తు తెలీదు. మీరు తెలుగోళ్ళే కదా, ఎత్తుకోని పోండి."

దేవరాజులుకు తెలుగు చదవడం రాదు. ఇందులో వింతేమీ లేదు. గుడియాత్తంలో తెలుగు తల్లిపాలతో వచ్చేదే గాని పలకాబలపాలతో వచ్చేది కాదు. తెలుగులో ఏడుస్తారు, తెలుగులో కొట్లాడుకుంటారు, తెలుగులో వియ్యమందుతారు, పెళ్ళిపత్రిక మాత్రం తమిళంలో అచ్చేస్తారు. కానీ 'మీరు తెలుగోళ్ళే కదా' అని ఒక తమిళుడు అంతటి గౌరవంతో అన్నాక, 'అవును గానీ...' అనడానికి నోరెలా వస్తుంది? పుంజు ఒక చంకన, పుస్తకం ఒక చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

ఇంటికి రాగానే పుస్తకాన్ని పూజ అలమరలో పెట్టి పసుపు పూసి కుంకుమ అద్దారు. చదవలేని పుస్తకానికి చేయగల మర్యాద అదే.

చదివే మనిషి కోసం మాత్రం వెతుక్కోవలసిన పని లేకపోయింది. పేటలో తెలుగు భాషాభిమాన సంఘం ఉంది. దానికి ఇరవై రెండేళ్ళుగా సుబ్బరాయులు అధ్యక్షుడు. అమ్మభాష తేనె అనీ, పనసతొన అనీ, దాన్ని మరిచినవాడు మనిషే కాడనీ ఆయన ఏటా రెండుసార్లు కన్నీళ్ళతో ఉపన్యసిస్తాడు. సంఘం బోర్డు తమిళ లిపిలో ఉందంటే అందరికీ అర్థం కావాలనే సదుద్దేశమే తప్ప వేరొకటి కాదు. ఆయన వచ్చాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, పుస్తకం తెరిచి వేలు పెట్టి కొంతసేపు పెదవులు కదిపాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. నిలబడితే ఉపన్యాసమే.

"అమ్మలారా, అయ్యలారా! బ్రహ్మదేవునికి భూలోకంలో గుడి లేదు. అది శాపం. ఆ కొరత ఈ పొద్దు మన గుడియాత్తం తీర్చింది. నాలుగు మొగాల సామి ఒక మొగంతో మన దేవరాజులు ఇంటికి వచ్చినాడు. దీంట్లో ఏమని రాసుండాదంటే, ఈ పక్షి హిమాలయాల్లో తపస్సు చేసే పక్షి. కాబట్టి భూమి లోపల, గుంటలో, చీకటిగా, తడిగా, మంచు నడుమ పెట్టవలెను! కాళ్ళకు నీళ్ళు పోయవలెను! తెలుగులో ఎంత వివరంగా రాసినారు చూడండి. ఏ భాషలో ఉండాది ఇంత వివరం?"

చప్పట్లు మోగాయి. ఇంట్లో ఉన్న గుంట ఒక్కటే. అందరూ రుక్మిణమ్మ కాళ్ళ వైపు చూశారు.

"లేయ్. నాలుగు దినాల మాటే కదా," అన్నాడు దేవరాజులు.

రుక్మిణమ్మ నాడె పక్కన పెట్టి లేచింది. అంచు దగ్గర కూర్చుని కూర్చుని నున్నబడిన మట్టిని ఒకసారి చేత్తో తడిమింది. ఆమెకు చాలా కోపం వచ్చింది. అయితే ఆ కోపం పుంజు మీద నిలవలేదు. గుంటలోకి దించుతుంటే అది ఆమె మోచేతి మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. పెళ్ళయినప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె మీద అంత నమ్మకంగా ఎవరూ తల ఆనించలేదు.

ఆ తర్వాత జరగవలసినవి వరుసగా జరిగాయి. చలిమండపం ప్రారంభోత్సవానికి సుబ్బరాయులు మంకీక్యాపు, మఫ్లరుతో వేంచేశాడు. చలిదేశపు అతిథి ముందు చలిబట్టలతో కనబడడం మర్యాద అన్నాడు. మర్యాద తెలిసిన కార్యవర్గ సభ్యులు పదకొండుమంది స్వెట్టర్లు వేసుకొచ్చారు. నలభై రెండు డిగ్రీల ఎండలో ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోతే బ్రహ్మగారి ఫ్యాను అరగంట సేపు వాళ్ళ వైపు తిప్పారు. అదీ బ్రహ్మగారి మహిమ కిందే జమ అయింది.

కోడి అనే మాట పేటలో ఆగిపోయింది, అందరూ బ్రహ్మగారనే అన్నారు. ఆదివారం కూరలో పడేదాన్ని ఏమనాలన్న చిక్కు వచ్చినప్పుడు, అది బ్రాయిలరు, దానికీ దేవుడికీ చుట్టరికం లేదని సుబ్బరాయులు పుస్తకంలోంచి చదివి వినిపించాడు. పెళ్ళి కుదరని పిల్లల్ని తెచ్చి నుదుళ్ళు చూపించారు, తలరాత రాసేవాడే దిద్దుతాడని. బ్రహ్మగారు ప్రతి నుదుటినీ శాంతంగా చూసి పక్కకు తిరిగి నిద్రపోయేవారు. ఆయన పొద్దున ఎనిమిదిన్నరకు కూసేవారు. ఆయన కూసిందే బ్రహ్మముహూర్తమని సంఘం తీర్మానించింది. దాంతో పేటలో చాలామందికి బ్రహ్మముహూర్తంలో నిద్రలేచే పుణ్యం సులువుగా దక్కింది.

పదో రోజున బ్రహ్మగారు కూయలేదు.

గింజలు పెడితే ముక్కు ఆడించలేదు. కాళ్ళ ఈకలు తడిసి మట్టితో ముద్దకట్టాయి. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు నేల తగిలితే నొప్పి అన్నట్టు పైకి లాక్కుంటోంది. రుక్మిణమ్మ గుంటలోకి దిగి ఆ కాలు చేతిలోకి తీసుకుంటే వాసన కొట్టింది.

"ఇదో, దీనికి కాళ్ళు చెడిపోతా ఉండాయి. తడి పడలేదు దీనికి. బయట పెడదాము," అని మొగుడితో చెప్పింది.

"శాస్త్రంలో ఉండాదే! సుబ్బరాయులన్న చదివినాడు. నేను కూడా సరి చూసినా," అన్నాడు దేవరాజులు. ఎలా సరి చూశాడో చెప్పలేదు. ఆ రోజు పుస్తకం ఆయన చేతిలో ఉన్న మాట నిజమే.

రుక్మిణమ్మకూ చదవడం రాదు. కానీ ఆమె నేత మనిషి. అంచులో ఏ పువ్వు ఎన్ని దారాలకు మళ్ళీ వస్తుందో చెప్పకుండానే కంటికి తెలుస్తుంది. సుబ్బరాయులు చదివిన పుట తీసి, లుంగీ అంచును చూసినట్టు చూసింది. అయిదు వరుసలు. అయిదు వరుసల చివరా ఒకే జత ఉంది. చెయ్యి చాపిన ఒక గుండ్రం, పక్కనే తోక చాపిన ఒక గుండ్రం. ఆయన మాత్రం 'పెట్టవలెను' అన్నాడు, 'పోయవలెను' అన్నాడు, 'ఏ భాషలో ఉండాది ఇంత వివరం' అన్నాడు. ఒకే పువ్వు అయిదుసార్లు వస్తే అయిదు రకాల మాటలెలా అవుతాయి? పైగా అయిదు వరుసల పుటను ఆయన పావుగంట చదివాడు. ఈ మాట పైకి అనడానికి ఆమెకు భయం వేసింది.

తెలుగు చదవగల ఒక్క మనిషి కావాలి. తెలుగు మాట్లాడేవాళ్ళతో కిటకిటలాడే ఊళ్ళో ఇదేమంత బ్రహ్మవిద్య అనుకుంది.

వీధిలో అడిగితే ప్రతివాళ్ళూ "మా తాత చదివేవాడే" అన్నారు. తాతలందరూ గోడల మీద దండలు వేసుకుని ఉన్నారు. పిన్నమ్మ వరస పుష్పవతి ఇంట్లో తెలుగు పుస్తకాల పెట్టె ఉంది, కాని దాని తాళంచెవి కూడా ఆ ఇంటి తాతతోనే పోయింది. ఒక బడికి పోతే తెలుగు మాస్టరు ఉద్యోగం ఖాళీగా ఉందన్నారు. ఎప్పటినుంచి అంటే, ఆ సంగతి తెలిసిన గుమాస్తా ఉద్యోగం కూడా ఖాళీగా ఉందన్నారు.

మరునాడు నూలు చూసొస్తానని చెప్పి, పుస్తకాన్ని కొత్త లుంగీలో చుట్టుకుని కాట్పాడి బస్సెక్కింది. అక్కడి పెద్ద కాలేజీలో ఆంధ్రా పిల్లలు వేలకొద్దీ చదువుతారని ఆమెకు తెలుసు. వీధంతా తెలుగే వినిపించింది. జ్యూసు కొట్టు దగ్గర తెలుగులో గలగలా నవ్వుతున్న ఒక అమ్మాయిని చూసి రుక్మిణమ్మ ప్రాణం లేచివచ్చింది. ఆ పిల్ల పేరు హేమప్రియ, ఊరు నెల్లూరు.

"తల్లీ, ఈ పుట రవ్వంత చదివి చెప్తావా?"

హేమప్రియ పుస్తకం తిప్పి చూసింది. "సారీ ఆంటీ, నాకు తెలుగు చదవడం రాదండీ. ఇంటర్లో సంస్కృతం తీసుకున్నా, మార్కులు ఎక్కువొస్తాయని."

"అయితే సంస్కృతం చదువుతావా?"

"అదీ రాదు ఆంటీ. ఆన్సర్లు బట్టీ పట్టేశాం." పిల్ల మనసు మంచిది. ఆంటీ ముఖం చూసి, "ఆగండి, ఫోను చదివేస్తుంది" అని ఫోటో తీసింది. పసుపూ కుంకుమా దట్టంగా పూసిన ఆ పుటను ఫోను కాసేపు పరిశీలించి, చిత్రంలో సాంబారు వంటి పదార్థం కనబడుతోందని తెలియజేసింది. హేమప్రియ తల గోక్కుంది. "మా నాన్నగారైతే చదివేసేవారండీ. ఆయన తెలుగు లెక్చరరు. ఇప్పుడు పరీక్షల డ్యూటీలో ఉంటారు, ఫోనెత్తరు."

రుక్మిణమ్మ కాళ్ళీడ్చుకుంటూ, కాస్త నీడ కోసం రైల్వే స్టేషనుకు వచ్చి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడింది. ఇంటి దగ్గర పుంజు ఎలా ఉందో, అసలు ఉందో లేదో అని ఏడుపొచ్చింది. పక్క బెంచీ మీద ఒక ముసలాయన తిరుపతి రైల్లో ఎవరో వదిలేసి పోయిన తెలుగు పేపరు చదువుతున్నాడు. బొమ్మలు చూడడం లేదు, వేలు పెట్టి వరుస వెంట వరుస చదువుతున్నాడు. ఆమె లేచి ఆయన ముందు నిలబడింది.

ఆయన పేరు బాలచంద్రన్. పుట్టుక తమిళం, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. "ఉక్కారమ్మా, ఇట్ల కూర్చో. నాకు తెలుగు ఎట్లా వస్తాదంటావా? గుంతకల్లులో పదకొండేండ్లు, గూడూరులో ఎనిమిదేండ్లు పని చేసినా. స్టేషను బోర్డులో ఇంగ్లీషులో తెలిసిన పేరే పక్కన తెలుగులో రాసుంటాది కదా. ఒకటి తెలిసినాక రెండోది రాకుండా యాడ పోతాది?"

ఆయన పుస్తకం అందుకుని, కుంకుమ ఊది, రైళ్ళ రాకపోకలు ప్రకటించే గొంతుతో చదివాడు. "బ్రహ్మ జాతి కోళ్ళు. ఈ పేరు బ్రహ్మపుత్రా నది పేరు మీద ఏర్పడినది."

"ఏరా? సామి కాదా?"

"ఏరే అమ్మా."

"నీళ్ళుండే ఏరా?" ఏడాది పొడుగునా ఇసుకే కనబడే పాలారు పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఆ సందేహం సహజం.

"నిండా ఉంటాయి." బాలచంద్రన్ పుట తిప్పాడు. "తేమ నేలపై ఉంచరాదు. గుంటలలో దింపరాదు. చీకటిలో మూయరాదు. కాళ్ళ ఈకలు తడపరాదు. మిక్కిలి చల్లని నీరు ఒంటిపై పోయరాదు." కింద ఇంకో రెండు ముక్కలు చిన్న అక్షరాల్లో ఉంటే కళ్ళు చికిలించి చదివాడు. "వేసవిలో గాలి ఆడు చెట్టునీడ, తాగుటకు చల్లని నీరు ఉన్నచో చాలును."

చేయరానివి అయిదు. అయిదూ అప్పటికే ఎంతో శ్రద్ధగా చేసి ఉన్నారు.

రుక్మిణమ్మ వరుసల చివర వేలు పెట్టింది. "అన్నా, ఈ చెయ్యి చాపిన గుండ్రం, తోక చాపిన గుండ్రం. ఇది ఏంది?"

"అది 'రాదు' అమ్మా. ఇది రా, ఇది దు. చెయ్యకూడదని. 'నాకు ఈత రాదు' అంటాము చూడు, అదీ ఇదే."

ఆమె తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ రెండు అక్షరాలనూ అరచేతిలో వేలితో రాసుకుంటూ వచ్చింది. మిగిలినదంతా వినగానే బట్టీ వచ్చేసింది.

ఇల్లు చేరేసరికి కొట్టం నిండా జనం. సంఘం అత్యవసర సమావేశం. బ్రహ్మగారు గుంటలో ఒక మూలకు ఒరిగి ఉన్నారు. కన్ను సగం మూతపడి తెల్లపొర కనిపిస్తోంది. సుబ్బరాయులు అప్పటికే ఉపన్యాసంలో ఉన్నాడు. సామికి హిమాలయాల మీద బెంగ పట్టుకుంది, చలి చాలడం లేదు, ఇంకా రెండు గంపల ఐసు, మూడు బిందెల నీళ్ళు వెంటనే పోయవలెనని తర్వాతి పుటలో స్పష్టంగా రాసి ఉందట. తర్వాతి పుట ఈమె లుంగీ మడతలో ఉంది. ఆయన చేతిలో ఉన్నది సంఘం చందా రశీదుల పుస్తకం. బిందెలు నింపుకుని ఇద్దరు గుంట అంచుకు వచ్చేశారు.

రుక్మిణమ్మ గుమ్మంలోనే ఆగింది. ఉన్నమాట అంటే సుబ్బరాయులు ఇరవై రెండేళ్ళ అధ్యక్షత ఈ గుంటలోనే పూడిపోతుంది. 'నేను సరి చూసినా' అన్న మొగుడి పరువూ దాని మీదే పడుతుంది. అనకపోతే పుంజు చచ్చిపోతుంది. అది ఆమెను చూసి మెడ ఎత్తబోయి ఎత్తలేకపోయింది.

"ఆగండప్పా!" అని గట్టిగా అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. తర్వాత పుస్తకం తీసి రెండు చేతులతో సుబ్బరాయులు ముందు పట్టుకుని, చాలా మెల్లగా అంది. "అన్నా, మొన్న మీరే నాకు చదివి చెప్పినారు కదా. తేమ నేలపై ఉంచరాదు, గుంటలలో దింపరాదు, కాళ్ళ ఈకలు తడపరాదు, చెట్టునీడ చాలును అని. బుద్ధి లేనిదాన్ని, ఇంట్లో చెప్పేది మరిచిపోయినా. తప్పు నాదే."

సుబ్బరాయులు పుస్తకం వైపు చూశాడు, తర్వాత ఆమె ముఖం వైపు చూశాడు. పుస్తకంలో ఏముందో ఆయనకు తెలియలేదు. ముఖంలో ఉన్నది మాత్రం తెలిసింది. మంకీక్యాపు తీసి చెమట తుడుచుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు గొంతు సవరించుకుని. "చదివినా. గుంటలలో... దింపరాదు! ఎంత స్పష్టంగా రాసినారు చూడండి!"

"నేను కూడా సరి చూసినా," అన్నాడు దేవరాజులు.

పుంజును పెరట్లో కానుగచెట్టు నీడకు మార్చారు. కాళ్ళు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వేపనూనె రాసి, రెండు రోజులు రుక్మిణమ్మే దగ్గర కూర్చుంది. మూడో రోజు అది గింజలు తిన్నది. అయిదో రోజు ఎనిమిదిన్నరకు కూసింది. ఆమె నవ్వుతూ ఏడుస్తూ పోయి గుంటలో తడి ఎత్తిపోసి, ఎండబెట్టి, మళ్ళీ మగ్గం ముందు కూర్చుని కాళ్ళు లోపలికి వదిలింది. ఫ్యాను మాత్రం మళ్ళీ తీసేశారు, పడుగు దారాలు చెదురుతాయి గనక. ప్రాచీన గ్రంథాన్ని సకాలంలో చదివి ప్రాణదానం చేసిన అధ్యక్షుడికి సంఘం శాలువా కప్పింది. ఆ అభినందన తీర్మానాన్ని దేవరాజులు స్వయంగా తమిళంలో రాశాడు.

శాలువా కప్పిన మూడోనాటి మధ్యాహ్నం, దేవరాజులు ఇంట్లో లేని వేళ చూసి, సుబ్బరాయులు ఒక్కడే కొట్టంలోకి వచ్చాడు. మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. "మా నాయన చదివేవాడు. నన్ను కూర్చోబెట్టి నేర్పిస్తా అంటే ఆటకు పారిపోయినా. ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేండ్లు అయిపోయినాయి. నువ్వు నలుగుర్లో నా మానం కాపాడినావు." ఆయన కళ్ళు తడిశాయి. ఉపన్యాసాల్లో వచ్చే తడి కాదది. "ఆ మాట యాడ ఉండాదో ఒకసారి చూపించు."

రుక్మిణమ్మ మగ్గం ఆపి పుస్తకం తెచ్చింది. "ఇది రా అన్నా. ఇది దు." ఆయన వేలితో వాటి మీద దిద్దాడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు దిద్దాడు.

కాబట్టి తెలియజేయడమేమనగా, ఆ పేటలో ఇప్పుడు ఇద్దరికి తెలుగు చదవడం వచ్చు. వాళ్ళు చదవగలిగిన మాట ఒక్కటే. 'రాదు.'

నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి, వాళ్ళు ఈ కథ చదివి నొచ్చుకుంటారన్న భయం లేదు. ఇక్కడిదాకా తడుముకోకుండా చదువుకుంటూ వచ్చిన మీరు ఒక్క చిన్న పని చేయండి. పక్కగదిలో ఉన్న మీ పిల్లల్ని పిలిచి, ఈ పేరా ఒకసారి పైకి చదవమనండి. వాళ్ళు కూడా ఒక్క మాట మాత్రం తడుముకోకుండా చెబుతారు.